బక్షీసు, మామూలు, గ్రాట్యుటీ: తేడా తెలుసుకుందాం



ఆదాయ ధ్రువీకరణ పత్రం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం. "తమ్ముడూ, చాయ్ ఖర్చులకు సంతోషంగా ఏమైనా చూడు" అన్న మాట విన్నాం. ఇవ్వకపోతే కాగితం కదలదేమోనన్న భయంతో, అమ్మ ఇచ్చిన బస్సు ఛార్జీలోంచి తీసి ఇచ్చాం. అది సంతోషమా, భయమా? ఈ తేడా తెలియాలంటే మూడు మాటలు తెలుసుకోవాలి.

1. బక్షీసు: ఇది పారశీ నుండి వచ్చిన మాట. హోటల్లో సర్వరుకు ఇచ్చే టిప్పు ఇలాంటిదే. పని పూర్తయ్యాక మన ఇష్టంతో ఇచ్చేది బక్షీసు. ఇవ్వకపోయినా పని ఆగకూడదు. అయితే టిప్పులు వస్తున్నాయి కదా అని యజమాని జీతం తగ్గించడం న్యాయం కాదు.

2. మామూలు: అరబీలో దీనికి 'అలవాటుగా జరిగేది' అని అర్థం. లంచం మన దగ్గర ఎంత ఆనవాయితీ అయిపోయిందో ఈ పేరే చెబుతోంది. 1988 నాటి అవినీతి నిరోధక చట్టం ప్రకారం ప్రభుత్వోద్యోగి లంచం తీసుకోవడం నేరం. 2018 సవరణతో ఇచ్చినవారు కూడా శిక్షార్హులే. బలవంతం మీద ఇచ్చినవారు 7 రోజుల్లోగా పోలీసులకో, ఏసీబీకో తెలియజేస్తే వారికి శిక్ష ఉండదు.

3. గ్రాట్యుటీ: ఇంగ్లీషులో టిప్పునూ ఈ మాటతోనే పిలుస్తారు. కానీ మన దేశంలో ఉద్యోగికి ఇది దయ కాదు, హక్కు. 1972లో దీనికోసం చట్టం వచ్చింది. 2025 నవంబరు 21 నుండి సామాజిక భద్రతా కోడ్‌లో ఇది భాగమైంది. పదిమంది లేక అంతకు మించి పనిచేసే సంస్థలో 5 ఏళ్ళు నిండినవారికి, ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున చెల్లించాలి. నిర్ణీత కాలానికి నియమించిన ఉద్యోగులకు కొత్త కోడ్‌లో ఒక్క ఏడాది చాలు. ఉద్యోగి మరణించినా, అంగవైకల్యంతో పని మానాల్సి వచ్చినా 5 ఏళ్ళ నిబంధన లేదు.

లెక్క ఎలా? చివరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్ళతో హెచ్చించాలి. వేతనం 13,000 రూపాయలు, సర్వీసు 10 ఏళ్ళు అనుకుందాం. 13,000 ÷ 26 = 500. 500 × 15 × 10 = 75,000 రూపాయలు. కూలి కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు.

2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు గుజరాత్ కేసులో అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు కూడా గ్రాట్యుటీకి అర్హులేనని తీర్పు చెప్పింది. అంగన్‌వాడీలో పనిచేసే తల్లులున్న మన మిత్రులు ఈ విషయం ఇంట్లో చెప్పాలి.

ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థులకు ఒక మనవి. నియామక పత్రం, జీతం చీటీలు జాగ్రత్తగా దాచుకోండి. ఎప్పుడు చేరామో రుజువు చేయలేకపోతే హక్కు చేతికందదు. పని మానాక యజమానికి రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి. ఇవ్వనంటే కార్మిక శాఖను ఆశ్రయించవచ్చు.

మనవాళ్ళు హక్కుగా రావలసిన దాన్ని చేతులు కట్టుకుని అడుగుతారు, ఇవ్వకూడని దాన్ని తలవంచి ఇస్తారు. చదువుకున్న మనం ఈ రెండింటినీ మార్చుదాం. బక్షీసు మన ఇష్టం, మామూలు నేరం, గ్రాట్యుటీ హక్కు. ఈ మాట ఇంటింటికీ చేర్చుదాం.