యాఫ్లుయెంట్ అను విశేషణము

కలవారిని జెప్పుటకు ఆంగ్లభాషయందు రిచ్, వెల్తీ, యాఫ్లుయెంట్ అను విశేషణములు గలవు. మన విద్యార్థులు మూఁడింటికిని "ధనవంతుఁడు" అని యొక్కటే యర్థము వ్రాసి ముగించుచున్నారు. అది తప్పు గాదు. కాని వాక్యమున నిలుపునపుడు భేదము దెలియును.

రిచ్ అను మాటకు పూర్వము బలవంతుఁడని యర్థము. వెల్తీ అనునది క్షేమమును దెలుపు మాటనుండి పుట్టినది. యాఫ్లుయెంట్ లాటిను పదము. దానికి "వైపునకు ప్రవహించునది" అని మూలార్థము. అందుచేతనే భూగోళగ్రంథములలో ఉపనదికిని ఈ పేరు గలదు. తుంగభద్ర, భీమ, మూసీ కృష్ణకు యాఫ్లుయెంట్లు. 1855లో బెజవాడ యానకట్ట ముగిసిన పిదప నా నీరే కాలువలఁబట్టి బాపట్ల సీమకు వచ్చి వరిపైరయినది. డెల్టావాసులకు ఈ పదము వేఱుగ బోధింపవలెనా?

ప్రయోగమున నిది మనుష్యులకును, కుటుంబములకును, పేటలకును, సమాజములకును జెల్లును. సారవంతమగు నేలను, నేయి మెండైన వంటను రిచ్ అనవలెనే గాని యాఫ్లుయెంట్ అనరాదు. గాల్‌బ్రెయిత్ అను అర్థశాస్త్రజ్ఞుఁడు 1958లో దీనిని తన గ్రంథనామమున నుంచిన పిదప నిది మిక్కిలి వాడుకకు వచ్చినది.

ఉచ్చారణయందు జాగ్రత్త వలయును. మొదటి యక్షరము "ఏ" గాక "ఈ" యైనచో నది ఎఫ్లుయెంట్, అనగా వెలుపలికిఁ బోవునది, కర్మాగారపు మురుగునీరు! పొగడఁబోయి యెంత పని చేసితిమి!

విశేషణము అంటించుట సులభము. 1871లో పుట్టి, 1911లో మద్రాసు రాజధానికి వ్యాపించిన చట్టమొకటి కొన్ని జాతులకు పుట్టుకతోడనే క్రిమినల్ అను విశేషణమును దగిలించెను. సాల్వేషన్ ఆర్మీవారి యాజమాన్యమున వెలసిన స్టూవర్టుపురమున నెఱుకలవారు దానిని మోసిరి. ఆ చట్టము 1952లో దేశమంతట రద్దయినది. మాట మాత్రము అంత త్వరగాఁ బోలేదు. యాఫ్లుయెంట్ అట్టిది గాదు. అది పుట్టుకను జెప్పదు, గుణమును జెప్పదు. తనవైపునకు వచ్చి చేరినదానినే చెప్పును. రాక నిలిచినచో నీ మాటయు నిలువదు.

బాలురారా! పంట, కుటుంబము, కంఠస్వరము, పట్టణములోని పేట: ఈ నాల్గింటికిని పై మూఁడు విశేషణములలో నేది యేది చెల్లునో ఆంగ్లవాక్యములుగా వ్రాసి మీ యుపాధ్యాయునకుఁ జూపుఁడు.