నీటిలో నిలబడి వాడిపోయే మొక్క

మే నెల. మిట్టమధ్యాహ్నం. ఎండలో ఉన్న నల్లని ప్లాస్టిక్ తొట్టి నిండా పోషక ద్రావణం ఉంది. తొట్టి మూతకు చేసిన రంధ్రాలలో టమాటా మొక్కలు నిలబడి ఉన్నాయి. వాటి వేళ్లన్నీ నీటిలోనే ఉన్నాయి. అయినా ఆకులు వాడి వేలాడుతున్నాయి! చుట్టూ ఇంత నీరుంటే మొక్క ఎందుకు వాడినట్లు?

మట్టి లేకుండా, లవణాలు కరిగించిన నీటిలో మొక్కలను పెంచడాన్ని హైడ్రోపోనిక్స్ అంటారు. 1860 దశకంలో జర్మనీ శాస్త్రజ్ఞులు సాక్స్, నాప్ ఈ విధంగా మొక్కలు పెంచి, వాటికి ఏయే మూలకాలు కావాలో పరిశీలించారు. 1930లలో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన గెరికె ఇదే పద్ధతిలో పంటలు పండించి చూపాడు.

ఇక మన ప్రశ్నకు వద్దాం. ఆకులలాగే వేళ్లు కూడా శ్వాసిస్తాయి. ఆక్సిజన్‌తో చక్కెరను మండించి శక్తి పొందుతాయి. ఆ శక్తి లేకపోతే లవణాలను లోపలికి తీసుకోలేవు. నీటిని కూడా సరిగా పీల్చలేవు. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు గాలిలో సుమారు 280 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. అదే ఉష్ణోగ్రత వద్ద లీటరు నీటిలో కరిగి ఉండగలిగేది సుమారు 9 మిల్లీగ్రాములే!

నీరు వేడెక్కితే ఆ కాస్త కూడా తగ్గుతుంది. పొయ్యి మీద పెట్టిన గిన్నెలో నీరు మరగక ముందే అడుగున చిన్న చిన్న బుడగలు కనిపిస్తాయి కదా! అది నీటిలో కరిగి ఉన్న గాలి బయటికి పోవడమే. 30 డిగ్రీల వద్ద లీటరు నీటిలో నిలిచేది సుమారు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ మాత్రమే.

తగ్గింది ఆరో వంతే కదా అనిపించవచ్చు. కాని అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే వేళ్ల శ్వాసక్రియ వేగం దాదాపు రెట్టింపవుతుంది. అంటే రాబడి తగ్గిన సమయంలోనే ఖర్చు రెట్టింపయిందన్నమాట!

ఇలా నీరసించిన వేళ్ల కోసం ఒక శత్రువు కాచుకొని ఉంటుంది. దాని పేరు పిథియం. చూడడానికి శిలీంధ్రంలా ఉన్నా, ఇది నిజమైన శిలీంధ్రం కాదు. మిరప, టమాటా నారుమళ్లలో నారుకుళ్లు తెగులు తెచ్చేది కూడా ఈ జాతే. దీని గమన సిద్ధబీజాలు కశాభాలతో నీటిలో ఈదుతూ వేళ్లను చేరతాయి. పిథియంలో కొన్ని రకాలకు 30 డిగ్రీలు దాటిన వేడి ఎంతో అనుకూలం. తెల్లగా ఉండవలసిన వేళ్లు గోధుమ రంగుకు మారి, జిగురుగా తయారై, దుర్వాసన కొడతాయి. వేలితో లాగితే పైపొర ఊడివచ్చి లోపలి దారం మిగులుతుంది. అన్ని మొక్కలకూ ఒకే నీరు కాబట్టి, ఒక మొక్కకు వచ్చిన తెగులు తోటంతటికీ పాకుతుంది.

మరి వరి నీటిలోనే పెరుగుతుంది కదా అంటారా? వరి కాండంలోను, వేళ్లలోను గాలి గదులున్న కణజాలం ఉంటుంది. ఆకుల నుంచి గాలి ఆ దారిన వేళ్లకు దిగుతుంది. టమాటాకు అంతటి సదుపాయం లేదు.

కనుక ద్రావణాన్ని 18 నుంచి 22 డిగ్రీల మధ్య ఉంచడం మేలు. మన వేసవిలో అది కష్టమే అయినా, వేడిని కొంత తగ్గించే ఉపాయాలున్నాయి.

1. తొట్టిని నీడలో ఉంచాలి. వీలైతే భూమిలో పాతాలి. బయటి వైపు తెల్ల రంగు వేయాలి. అయితే వెలుతురు లోపలికి చొరరాదు. చొరబడితే నాచు పెరుగుతుంది.

2. తొట్టి పెద్దదిగా ఉండాలి. 10 లీటర్ల నీటిని 10 డిగ్రీలు వేడెక్కించే ఉష్ణం 100 లీటర్ల నీటిని ఒక్క డిగ్రీయే వేడెక్కించగలదు.

3. తొట్టి చుట్టూ తడి గోనెపట్టా చుట్టాలి. మట్టికుండలో నీరు చల్లబడే సూత్రమే ఇదీ. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల ఉష్ణం కావాలి. లీటరు నీరు ఆవిరై, ఆ ఉష్ణమంతా తొట్టి నుంచే తీసుకుంటే, 100 లీటర్లు దాదాపు 6 డిగ్రీలు చల్లబడాలి. నిజానికి కొంత ఉష్ణం బయటి గాలి నుంచి వస్తుంది కనుక ఫలితం అంతకన్నా తక్కువే. గాలిలో తేమ ఎక్కువగా ఉండే సముద్రతీరంలో ఇంకా తగ్గుతుంది.

4. చిన్న పంపుతో నీటిలోకి గాలి బుడగలు పంపాలి. కాని వేడి నీటిలో ఎంత గాలి ఊదినా, ఆ ఉష్ణోగ్రతకు తగినంత ఆక్సిజనే కరుగుతుంది. అందువల్ల గాలీ కావాలి, చల్లదనమూ కావాలి.

ఐసు ముక్కలు నేరుగా వేయరాదు. అవి కరిగి ద్రావణాన్ని పలచన చేస్తాయి. మూత బిగించిన సీసాలో నీరు గడ్డకట్టించి, ఆ సీసాను తొట్టిలో ఉంచవచ్చు.

మీరే చేసి చూడండి: ఒకే రకమైన రెండు సీసాలలో సమానంగా నీరు పోయండి. ఒకదానికి తడిగుడ్డ చుట్టి, రెండింటినీ గాలి వీచే నీడలో ఉంచండి. గుడ్డ ఆరిపోకుండా తడుపుతూ ఉండండి. అరగంటకొకసారి ఉష్ణోగ్రతలు కొలిచి గ్రాఫు గీయండి. ఎండ కాసిన రోజునా, ముసురు పట్టిన రోజునా ఈ ప్రయోగం చేస్తే తేడా ఎందుకు వస్తుందో మీకే తెలుస్తుంది.

ఇప్పుడు చెప్పండి, మన టమాటా మొక్కకు కావలసింది ఏమిటి? మరో బిందెడు నీళ్లు కాదు. ఉన్న నీటిలోనే ఊపిరి!