చెప్పి వెళ్లండి

మూడేళ్లు నిండితే పిల్లను అంగన్‌వాడీలో వదలొచ్చు. 1975లో మొదలైన కేంద్రాలు ఇవి. ఆట, పాట, మధ్యాహ్నం అన్నం, గుడ్డు ఉంటాయి. తల్లి కూలికి పోవచ్చు. కానీ పిల్ల గుమ్మం దగ్గరే కొంగు పట్టుకుని ఏడుస్తుంది. ఏం చేయాలి?

చాలామంది పిల్ల బొమ్మలు చూస్తుంటే చప్పుడు లేకుండా జారుకుంటారు. అలా చేయకండి. వెనక్కి చూస్తే అమ్మ లేదు! ఇక భయం పట్టుకుంటుంది. మర్నాడు కొంగు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

చెప్పి వెళ్లండి. "ఒంటిగంటకు వస్తా" అంటే పిల్లకు తెలీదు. "నువ్వు అన్నం తిని చెయ్యి కడుక్కునేసరికి వస్తా" అంటే తెలుస్తుంది. అన్నట్టే రండి. ఒక్కసారి మాట తప్పితే కథ మళ్లీ మొదటికొస్తుంది.

మొదటి రెండు మూడు రోజులు మీరూ కాసేపు కూర్చోండి. తర్వాత గంటసేపు వదలండి. ఆ తర్వాత అన్నం వేళ దాకా. కూలి పోతుంది కదా అంటారు. నిజమే. అందుకే పనులు లేని రోజుల్లో మొదలుపెట్టండి. లేదంటే అమ్మమ్మనో నాయనమ్మనో కూర్చోబెట్టండి. నాట్ల రోజుల్లో మొదలుపెడితే తల్లికీ ఏడుపే, పిల్లకీ ఏడుపే. కొందరికి వారంలో అలవాటవుతుంది. కొందరికి నెల పడుతుంది.

ఒంటికి, రెంటికి వస్తే పిల్ల ఏమంటుందో టీచరుకు, ఆయాకు చెప్పండి. ఒక్కో ఇంట్లో ఒక్కో మాట. ఆ మాట తెలియకే ఎందరో పిల్లలు బట్టలు తడుపుకుంటారు. మీ పాత చీర ముక్క ఒకటి సంచిలో పెట్టండి. అమ్మ వాసన ఉంటుంది.

ఇంట్లో "అల్లరి చేస్తే టీచరుకు చెప్తా" అని బెదిరించకండి. పొద్దున పిల్ల వెళ్లాల్సింది ఆ టీచరు దగ్గరికే కదా!