ఓడ ఎక్కిన బల్లి

మాట మధ్యలో బల్లి పలికితే మన పెద్దలు "సత్యం" అంటారు. బల్లుల్లో చాలా రకాలున్నాయి. చిక్ చిక్ మని గట్టిగా పలికే ఇంటి బల్లి ఒక రకం. దీపం పెట్టగానే గోడ మీదికి వస్తుంది. మండవల్లిలో చేపల చెరువుల పక్కన దోమలకు, రెక్కల పురుగులకు కొదవ లేదు. దాని పంట పండినట్లే!

దీని పుట్టిల్లు మన దేశం, మనకు తూర్పునున్న దేశాలు. మరి ఇప్పుడు ఆస్ట్రేలియాలో ఉంది. మెక్సికోలో ఉంది. పసిఫిక్ సముద్రంలోని దీవుల్లో కూడా ఉంది.

అంత సముద్రం ఎలా దాటింది? ఓడ ఎక్కింది, టిక్కెట్టు లేకుండా. సరుకు పెట్టెల సందుల్లో దాక్కుంటుంది. అక్కడే రెండేసి గుడ్లు పెడుతుంది. గుడ్డు పెంకు గట్టిది, తొందరగా ఎండిపోదు. పెట్టె ఏ రేవులో దిగితే గుడ్లూ అక్కడే దిగుతాయి. మనుషులే దాన్ని మోసుకెళ్ళారు, తెలియకుండా. చలి దేశాల్లో మాత్రం అది నిలవలేదు.

1940ల్లో హవాయి దీవులు చేరింది. దీపాల దగ్గర పురుగులన్నీ ఇదే తినేసింది. అంతకు ముందు నుంచీ అక్కడున్న చిన్న బల్లులకు తిండి కరువైంది. ఊళ్ళలో అవి తగ్గిపోయాయి.

మన ఇంట్లో భయం వేరు. బల్లి విషం అంటారు. దానికి విషం లేదు. కానీ దాని రెట్టలో విరేచనాలు తెచ్చే క్రిములుంటాయి. బల్లి పడిన కూర పారబొయ్యండి. గిన్నె మీద మూత పెట్టండి.

ఇక బల్లి మీద పడితే పంచాంగం తీసే వాళ్ళున్నారు. మెక్సికోలో పడితే ఎవరు తీస్తారు?