టిక్కెట్టు వెల - అభిమాని విలువ
(అమెరికా విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్ నేర్పే అర్థశాస్త్ర పాఠం)

వెల, విలువ అనే రెండు మాటలను మనం నిత్యవ్యవహారంలో ఒకదానికి బదులు మరొకటి వాడుతూ ఉంటాం. అర్థశాస్త్రం అభ్యసించే విద్యార్థి మాత్రం వీటి మధ్యనున్న అంతరాన్ని గుర్తించక తప్పదు. వెల అమ్మేవాడు చెప్పేది, విలువ కొనేవాడి మనసులో ఉండేది. ఈ రెండూ దగ్గరగా ఉన్నంతకాలం బేరం సాఫీగా సాగుతుంది. వెల పెరుగుతూ పోయి విలువను దాటబోయే సమయంలో కొనేవాడు ఆగి, ఆలోచించి, లెక్క వేసుకుంటాడు. అమెరికాలో విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్ పోటీలు చూసే లక్షలాది అభిమానులు నేడు అటువంటి లెక్కలోనే మునిగి ఉన్నారు. వారి సమస్యను పరిశీలించి, అందులో విద్యాసంస్థలన్నింటికీ పనికివచ్చే పాఠం ఏమున్నదో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆట పుట్టుక, పెంపు

ఫుట్‌బాల్ అనగానే మన విద్యార్థుల మనసులో మెదిలేది కాలితో ఆడే ఆట. హైదరాబాదులో ఆ ఆటకు ఘనమైన చరిత్ర ఉంది. ఉపాధ్యాయ వృత్తి నుండి వచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాదు పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సార్లు రోవర్స్ కప్పు గెలుచుకున్నది. ఇక్కడ చెప్పబోయేది ఆ ఆట కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేతపట్టి పరుగెత్తుతూ, విసురుతూ, అడ్డగించేవారిని తప్పించుకుంటూ జట్టుకు 11 మంది చొప్పున ఆడే ఆటను అమెరికావారు ఫుట్‌బాల్ అంటారు.

ఈ ఆట అక్కడ కళాశాలల ఒడిలోనే పెరిగింది. 1869 నవంబరు 6న న్యూజెర్సీ రాష్ట్రంలో రట్గర్స్, ప్రిన్స్‌టన్ విద్యాసంస్థల మధ్య జరిగిన పోటీని కళాశాలల ఫుట్‌బాల్‌కు ఆరంభంగా చరిత్రకారులు లెక్కిస్తారు. ఆనాడు చూడవచ్చినవారు సుమారు నూరుమంది. నేడు మిషిగన్ విశ్వవిద్యాలయపు స్టేడియంలో 1 లక్షా 7 వేలకు పైగా ప్రేక్షకులు కూర్చోవచ్చును. లక్షమందికి మించి పట్టే విశ్వవిద్యాలయ స్టేడియంలు ఆ దేశంలో మరికొన్ని ఉన్నాయి. శరదృతువులో శనివారం వచ్చిందంటే చిన్న చిన్న విద్యానగరాలు జనసముద్రాలవుతాయి. తాత చదివిన విశ్వవిద్యాలయంలోనే తండ్రి చదివి, ఆ తండ్రి తన బిడ్డను వెంటబెట్టుకుని అదే వరుసలో కూర్చోవడం ఆ దేశంలో ఒక ఆచారం. నెబ్రాస్కా విశ్వవిద్యాలయపు స్టేడియంలో 1962 నుండి ప్రతి పోటీకి టిక్కెట్లన్నీ అమ్ముడుపోతున్నట్టు లెక్క. ఆ అభిమానం లోతు తెలుసుకోవడానికి ఈ ఒక్క నిదర్శనం చాలును.

చందా అనబడే ధర

ఇంత గాఢమైన అనురాగం ఉన్న చోట దానికి వెల కట్టే ఆలోచన రాకుండా ఉండదు. 1927లో మిషిగన్ స్టేడియం నిర్మించేటప్పుడు ఒక్కొక్కటి 500 డాలర్ల చొప్పున 3 వేల బాండ్లు జారీ చేశారు. బాండు కొన్నవారికి మంచి టిక్కెట్లు కొనుక్కునే హక్కు లభించింది. అయితే అది అప్పు. వడ్డీతో తిరిగి వచ్చే సొమ్ము.

తరువాతి కాలంలో ఈ పద్ధతి రూపం మార్చుకుని చందా అయింది. చాలా పెద్ద విశ్వవిద్యాలయాలలో మంచి చోట సీజను టిక్కెట్టు కావాలంటే టిక్కెట్టు ధర ఒక్కటే చెల్లిస్తే సరిపోదు. క్రీడా విభాగపు నిధికి ఏటేటా చందా కూడా ఇవ్వాలి. ఎన్నేళ్లుగా ఇస్తున్నారు, ఎంత ఇస్తున్నారు అన్నదానిని బట్టి అంకెలు వేసి, ఆ వరుసక్రమంలో స్థానాలు కేటాయిస్తారు. ఈ సొమ్ము తిరిగి రాదు. ఒక ఏడు మానేస్తే వరుసలో వెనుకకు పోవలసిందే.

ఇది దానమా, ధరా? అమెరికా ప్రభుత్వం కూడా ఈ ప్రశ్నకు రెండు విధాల సమాధానం చెప్పింది. టిక్కెట్టు కొనే హక్కు కోసం ఇచ్చిన చందాలో 80 శాతాన్ని దానంగా భావించి ఆదాయపు పన్ను లెక్కలో మినహాయింపు ఇస్తూ 1988లో చట్టం చేశారు. 2017లో చేసిన పన్నుల చట్టం ఆ మినహాయింపును పూర్తిగా తొలగించింది. ప్రతిఫలం ఆశించి ఇచ్చేది దానం కాదని ఈ రెండవ సమాధానపు సారాంశం. దానితో 2018 నుండి, పైకి చందా పెరగకపోయినా, పన్ను మినహాయింపు వాడుకునే అభిమానికి అసలు భారం పెరిగింది. వెల అంటే రసీదుపై అచ్చయిన అంకె ఒక్కటే కాదని విద్యార్థులు ఇందువల్ల గ్రహించవచ్చును.

ఖర్చు పెరగడానికి కారణాలు

టెలివిజన్ ప్రసారాల చరిత్ర ఇక్కడ తెలుసుకోదగినది. ఇంట్లో కూర్చుని చూసే వీలుంటే స్టేడియంకు ఎవరూ రారన్న భయంతో జాతీయ కళాశాలల క్రీడా సంఘం 1950 దశకం నుండి ప్రసారాలను కట్టడి చేస్తూ వచ్చింది. ఆ కట్టడి వ్యాపారపోటీకి విరుద్ధమని 1984లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అప్పటినుండి ప్రసారపు సొమ్ము వరదలా వచ్చిపడింది. 2022లో 'బిగ్ టెన్' అనే విశ్వవిద్యాలయాల కూటమి 7 ఏళ్ల ప్రసారహక్కులకు 700 కోట్ల డాలర్లకు పైబడిన ఒప్పందం కుదుర్చుకున్నది.

ఇంత ఆదాయం వచ్చినప్పుడు టిక్కెట్టు ధర తగ్గవద్దా అని ఎవరికైనా తోస్తుంది. కాని ఆదాయం పెరిగిన కొద్దీ పోటీ పెరిగింది, పోటీతోపాటు ఖర్చు పెరిగింది. పేరుమోసిన శిక్షకుల జీతాలు ఏటా కోటి డాలర్లు దాటాయి. 2023లో టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం తన ప్రధాన శిక్షకుణ్ణి ఒప్పందం ముగియకముందే తొలగించి, సుమారు 7 కోట్ల 60 లక్షల డాలర్ల పరిహారానికి బాధ్యత వహించింది.

మరొక కారణం న్యాయమైనది. శతాబ్దానికి పైగా ఆటగాళ్లకు విద్యార్థివేతనం, వసతి, భోజనం మించి దక్కినది స్వల్పం. వారి శ్రమతో అందరూ సంపాదించుకున్నారు, వారు తప్ప. 2021 జూలై నుండి తమ పేరు, రూపాలను ప్రకటనలకు వినియోగించుకుని సంపాదించే వీలు వారికి కలిగింది. 2025 జూన్ 6న న్యాయస్థానం ఆమోదించిన ఒడంబడిక ప్రకారం, అందులో చేరిన విశ్వవిద్యాలయం 2025-26 విద్యాసంవత్సరంలో సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు తన క్రీడాకారులకు నేరుగా పంచవచ్చును.

ఈ మార్పును ముందుగానే ఊహించి టెనెసీ విశ్వవిద్యాలయం 2024 సెప్టెంబరులో ఒక ప్రకటన చేసింది. 2025 సీజను టిక్కెట్లపై సగటున 4.5 శాతం సాధారణ పెంపుతోపాటు, 'ప్రతిభా రుసుము' అనే పేరుతో మరి 10 శాతం వసూలు చేస్తామన్నది. డబ్బు దేనికో దాచకుండా చెప్పినందుకు వారిని మెచ్చుకోవాలి. కాని ఈ క్రీడలో శిక్షకుల జీతాలు, పరిహారాలు టిక్కెట్టుపై ప్రత్యేక పద్దుగా కనిపించడం ఆనవాయితీ కాదు. అన్ని ఖర్చులలోనూ ఆటగాడి వాటాకు మాత్రమే పేరు పెట్టి చూపితే, ధర పెరగడానికి ఆ కుర్రవాడే కారకుడన్న అపోహ ప్రేక్షకుడికి కలుగుతుంది. ఒక్క పద్దు చదివి మొత్తం జమాఖర్చు తెలిసినట్టు భావించరాదు.

అభిమాని వేసుకునే లెక్క

ఇక అభిమాని వైపు నుండి చూద్దాం. సౌలభ్యం కోసం ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు ఉన్న కుటుంబం ఒకటి 7 పోటీలకు 4 సీజను టిక్కెట్లు కొన్నదనుకుందాం. ఒక పోటీకి మనిషికి 80 డాలర్ల చొప్పున టిక్కెట్ల ధర 2,240 డాలర్లు. స్థానానికి 300 చొప్పున చందా 1,200. టిక్కెట్ల ధరపై 10 శాతం రుసుము 224. ప్రయాణం, కారు నిలిపే చోటు, తినుబండారాలు కలిపి పోటీకి 150 చొప్పున 1,050. మొత్తం 4,714 డాలర్లు. దీనిని 28 స్థానాలకు పంచితే ఒక్కొక్కటి 168 డాలర్లకు పైగా అవుతుంది. అనగా 80 అని అచ్చువేసిన టిక్కెట్టు ఆ కుటుంబానికి అంతకు రెట్టింపు కంటె అధికంగా పడుతున్నది. దూరం నుండి వచ్చేవారు హోటలులో బస చేస్తే ఆ ఖర్చు దీనికి అదనం.

అర్థశాస్త్రంలో 'అవకాశ వ్యయం' అనే భావన ఉన్నది. ఒకటి ఎన్నుకున్నందువల్ల వదులుకోవలసివచ్చిన మరొకదాని విలువ అది. ఆ కుటుంబం వదులుకునేది ఆ డబ్బుతో చేయగల ఇతర పనులను మాత్రమే కాదు, ఇంటిలో పెద్ద తెరపై సుఖంగా ఆట చూసే అవకాశాన్ని కూడా. ప్రసారసంస్థల వీలునుబట్టి పోటీ వేళలు నిర్ణయమవుతాయి. అనేక పోటీల వేళ రెండు వారాల ముందు కూడా తెలియదు. మధ్యాహ్నమో, రాత్రియో తెలియకుండా ప్రయాణం నిశ్చయించుకోవలసి వస్తుంది. వెనుకటి సంఘం భయపడినది నేడు మరో రూపంలో నిజమవుతున్నది. స్టేడియంలోని స్థానానికి అసలైన పోటీదారు ఇంటిలోని కుర్చీయే. అగ్రశ్రేణి విశ్వవిద్యాలయాల పోటీలకు 2018లో సగటు హాజరు సుమారు 42 వేలకు దిగింది. 1996 తరువాత అంత తక్కువ హాజరు అదే మొదటిసారి.

కొందరు మధ్యేమార్గం అవలంబిస్తారు. చిరకాల ప్రత్యర్థితో జరిగే పెద్ద పోటీ టిక్కెట్లను పునర్విక్రయ సంస్థల ద్వారా అధిక ధరకు అమ్మి, ఆ సొమ్ముతో మిగిలిన పోటీల భారం తగ్గించుకుంటారు. ఒక్కొక్కటి 250 డాలర్లకు నాలుగూ అమ్మగలిగితే మన ఉదాహరణలోని కుటుంబానికి ఖర్చులో అయిదవ వంతు చేతికి వస్తుంది. జేబుకు ఇది తెలివైన పని. కాని ఆ శనివారం ఆ నాలుగు స్థానాలలో ప్రత్యర్థి రంగులు ధరించినవారు కూర్చుంటారు. కుటుంబాలు వేలసంఖ్యలో ఇదే లెక్క వేస్తే సొంత మైదానమే పరాయి మైదానమవుతుంది. వ్యక్తికి లాభమైనది సమష్టికి నష్టం కావచ్చుననే సూత్రానికి ఇంతకంటె చక్కని దృష్టాంతం దొరకదు.

విద్యార్థి స్థానం

ఈ విషయంలో అన్నింటికంటె ఆలోచింపదగినది విద్యార్థుల సంగతి. మిషిగన్ విశ్వవిద్యాలయంలో 2014లో విద్యార్థి సీజను టిక్కెట్టు 295 డాలర్లకు చేరింది. విద్యార్థులు కొనడం మానుకున్నారు, నిరసన తెలిపారు. ఆ శరదృతువులోనే క్రీడా విభాగపు సంచాలకుడు రాజీనామా చేశాడు. 2015కు టిక్కెట్టు ధరను 175 డాలర్లకు తగ్గించారు. లక్షకు పైగా స్థానాలున్న స్టేడియం విద్యార్థులు లేని వెలితిని భరించలేకపోయింది. ఆటకు పాట, కేక, ఉత్సాహం సమకూర్చేది వారే గదా.

ఇందులో మరొక సూక్ష్మం ఉన్నది. నేడు తక్కువ ధరకు ఆట చూసిన విద్యార్థి రేపటి పూర్వ విద్యార్థి. అతడే చందా ఇస్తాడు, బిడ్డను వెంటబెట్టుకుని వస్తాడు. చదువుకునే రోజులలో మైదానం గడప తొక్కనివాడు నలభయ్యో ఏట వేలు పోసి సీజను టిక్కెట్టు కొంటాడని ఆశించడం అవివేకం. విద్యార్థి స్థానాన్ని ఎక్కువ పాట పాడినవాడికి అమ్ముకోవడం, రైతు విత్తనపు గింజలు వండుకుని తినడం వంటిది. ఆ పూటకు కడుపు నిండుతుంది, మరుసటి ఏరువాకకు చేతిలో ఏమీ ఉండదు.

మన తెలుగు విద్యార్థులు నేడు వేలసంఖ్యలో అమెరికా విశ్వవిద్యాలయాలలో చదువుతున్నారు. కొన్ని సంస్థలలో ప్రతి విద్యార్థి చెల్లించే రుసుములో క్రీడా విభాగపు భాగం కలిసి ఉంటుంది. ఆట చూడనివాడు సైతం ఆ భారం మోస్తాడు. అక్కడికి వెళ్లదలచినవారు బోధన రుసుము ఒక్కటే చూసుకోక, ఇతర రుసుముల పద్దులు కూడా చదువుకోవడం మంచిది.

ఉపసంహారం

ధరలు పెరగడమే తప్పని ఈ వ్యాసం వాదించడం లేదు. ఆటగాడికి న్యాయంగా రావలసినది రావాలి, స్టేడియం మరమ్మతులు జరగాలి, ఆ సొమ్ము ఎక్కడినుండో రావాలి. ప్రశ్న అది కాదు. విద్యాసంస్థ తన ఆటను ఎవరి కోసం నిర్వహిస్తున్నది అన్నదే ప్రశ్న. బజారులో సరుకు ఎక్కువ ధర ఇచ్చినవాడికి చెందుతుంది, అది బజారు ధర్మం. కళాశాల ఆట తనను తాను సరుకుగా కాక కుటుంబపు వేడుకగా చెప్పుకుంటుంది. అలా చెప్పుకుని చందా అడిగే సంస్థ, అడిగిన వారిపట్ల కుటుంబ ధర్మం కూడా పాటించాలి.

ఆ ధర్మం మూడు మాటలలో ఇమిడి ఉన్నది. ధర ఎంతో, చందాతో సహా, మొదటనే తేటగా చెప్పాలి. వసూలైన సొమ్ము ఎక్కడెక్కడ ఖర్చయిందో ఒక్క పద్దు కాక అన్ని పద్దులూ చూపాలి. విద్యార్థులకూ, స్వల్పాదాయ కుటుంబాలకూ కొన్ని స్థానాలను ధరల పోటీకి అతీతంగా ఉంచాలి. నెబ్రాస్కాలో 2021లో అమ్ముడుపోని టిక్కెట్లను దాతలు కొని, టిక్కెట్టు కొనే స్తోమత లేని పిల్లలకు ఆట చూపించారు. దానివల్ల అమ్మకాల లెక్క నిలిచింది, ఖాళీ స్థానాలూ నిండాయి. ఆ రెండవ ఫలితమే ఎక్కువ విలువైనది. ఆ పిల్లలలో కొందరైనా పెరిగి పెద్దయి సొంత డబ్బుతో అక్కడికి తిరిగి రావచ్చును.

విద్యార్థి మిత్రులారా! రేపు మీలో కొందరు సంస్థలు నడిపేవారవుతారు, కమిటీలలో కూర్చుని రుసుములు నిర్ణయించేవారవుతారు. 'ఎంత పెంచితే ఎంత వస్తుంది?' అన్న లెక్క ఎవరైనా వేయగలరు. 'పెంచితే ఎవరు రాకుండా పోతారు?' అన్న లెక్క కూడా వేసి, ఆ తరువాతనే అంకె వేయండి.