తీర్పు ఏ తేదీన వచ్చింది?

ప్రశ్న: హత్య కేసులో మా తమ్ముడికి సెషన్స్ కోర్టు యావజ్జీవం వేసింది. ఆ రాత్రి వాడు వేరే ఊళ్లో పెళ్లిలో ఉన్నాడు. పోలీసులు కొట్టి ఒప్పించారని ఏడుస్తున్నాడు. ఉన్న ఎకరం విచారణకే అమ్మేశాం. ఇంకా ఏమైనా దారి ఉందా?

జవాబు: ఉందమ్మా. కానీ నాలుగు పేజీల ఉత్తరంలో తీర్పు ఏ తేదీన వచ్చిందో మాత్రం రాయలేదు. ముందుగా కావలసింది అదే. సెషన్స్ కోర్టు వేసిన శిక్ష మీద హైకోర్టులో అప్పీలుకు గడువు 60 రోజులు. ఉరిశిక్ష అయితే 30 రోజులే. మేజిస్ట్రేట్ వేసిన శిక్ష మీద సెషన్స్ కోర్టుకు వెళ్లాలన్నా 30 రోజులే. తీర్పు సర్టిఫైడ్ కాపీ కోసం ఎదురుచూసిన రోజుల్ని ఈ లెక్కలోంచి తీసేస్తారు. గడువు దాటిపోయినా, తగిన కారణం చూపి ఆలస్యాన్ని మన్నించమని కోరవచ్చు. ‘లాయరు ఫీజుకి డబ్బు లేక ఆగిపోయాం’ అన్న మాట చాలా ఇళ్లలో వింటుంటాను. ఆగనక్కర్లేదు. జైల్లో ఉన్నవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రభుత్వమే లాయర్ని పెట్టాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతోంది. మీ తమ్ముడే జైలు సూపరింటెండెంటుకు అప్పీలు ఇవ్వవచ్చు, ఆయన దాన్ని కోర్టుకు పంపాలి. జైలు శిక్ష పడిన ముద్దాయికి తీర్పు కాపీ కూడా ఉచితంగా, వెంటనే ఇవ్వాలి. ఇవ్వలేదా, అడగండి.

ఇక పెళ్లి సంగతి. అప్పీలులో సాక్షులు మళ్లీ బోనెక్కరు. కింది కోర్టు కాగితాల్లో ఉన్నదే హైకోర్టు చదువుతుంది. కాబట్టి మీ తమ్ముడు ఆ రాత్రి పెళ్లిలో ఉన్న సంగతి ఆ కాగితాల్లోకి ఎక్కిందా లేదా అన్నది చూడాలి. ప్రాసిక్యూషన్ సాక్ష్యం పూర్తయ్యాక జడ్జి ముద్దాయిని ప్రశ్నలు అడుగుతారు. లాయర్లు దీన్ని ఇప్పటికీ పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని సెక్షన్ నంబరుతో ‘త్రీ థర్టీన్’ అనే అంటారు. దాని స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలో ఇది 351వ సెక్షన్. ఆ రోజు ముద్దాయిల్లో చాలామంది ‘తెలియదు, అబద్ధం’ అని రెండు ముక్కలు చెప్పి దిగిపోతారు. నన్నడిగితే, కేసు సగం అక్కడే చేజారుతుంది. ‘ఆ రాత్రి ఫలానా ఊళ్లో, ఫలానా పెళ్లిలో ఉన్నాను’ అని చెప్పి, రాతపూర్వకంగా కూడా ఇచ్చి, పెళ్లివారిని సాక్షులుగా పిలవాల్సిన సమయం అది. అప్పుడు చెప్పకపోయి ఉంటే ఇప్పుడు అదనపు సాక్ష్యం తీసుకోమని హైకోర్టును కోరాలి (432వ సెక్షన్). అంత తేలిగ్గా ఒప్పుకోరు. పెళ్లి వీడియో, ఆ రాత్రి మీ తమ్ముడి ఫోను ఏ టవరు కింద ఉందో చెప్పే రికార్డు లాంటి గట్టి ఆధారం ఉంటే ఆశ ఉంటుంది. ఆ వీడియో ఎవరి దగ్గరుందో ఇవాళే కనుక్కోండి.

కొట్టి ఒప్పించారన్నారు. పోలీసుల దగ్గర చేసిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. ఈ మాట పట్టుకుని ధీమాగా ఉండి మునిగినవాళ్లున్నారు. ఒప్పుకోలు చెల్లకపోయినా ‘ముద్దాయి చూపించిన చోట కత్తి దొరికింది’ అన్నంత మేరకు చెల్లుతుంది. అందుకే, అలా వస్తువు దొరికినప్పుడు సాక్షుల ఎదుట పోలీసులు రాసే మధ్యవర్తుల నివేదికను అక్షరం అక్షరం చదివించండి. మధ్యవర్తిగా సంతకం పెట్టిన వీఆర్వో క్రాస్‌లో ఏం చెప్పాడు, ఎక్కడ సంతకం పెట్టాడు, స్టేషన్లోనా పొలంలోనా? కొత్త సంహిత అమల్లోకి వచ్చిన 2024 జులై 1 నుంచి జరిగిన సోదా అయితే వీడియో తీయడం తప్పనిసరి. ఆ వీడియో కోర్టుకు చేరిందా?

కాగితంలో ఉన్నది కూడా ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకపోవచ్చు. 2003లో మహారాష్ట్రలోని జాల్నా జిల్లాలో జరిగిన దారుణానికి సంచార జాతికి చెందిన ఆరుగురికి ఉరిశిక్ష పడింది. 2009లో సుప్రీంకోర్టే ఆరుగురికీ ఉరి ఖాయం చేసింది. పదేళ్ల తర్వాత, 2019 మార్చిలో, అదే సుప్రీంకోర్టు అదే కేసును తిరగదోడి అందర్నీ నిర్దోషులని వదిలేసింది. ప్రాణాలతో బయటపడ్డ సాక్షి సంఘటన జరిగిన రెండు రోజుల్లోనే పోలీసుల ఫోటో ఆల్బమ్‌లో వేరే నలుగుర్ని గుర్తుపట్టింది. ఆ నలుగురి జోలికి ఎవరూ వెళ్లలేదు. ఆ సంగతి మొదటినుంచీ కేసు కాగితాల్లోనే ఉంది! ఒక్కొక్కరికి 5 లక్షలు ఇమ్మంది కోర్టు. 16 ఏళ్ల బతుక్కి అది పరిహారమో, ఇంటికెళ్లడానికి దారి ఖర్చో నాకు తెలియలేదు.

మన దగ్గర చూడండి. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక విద్యార్థిని హత్య జరిగింది. 2008లో అరెస్టయిన యువకుడికి 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు అతన్ని నిర్దోషిగా తేల్చి, లక్ష రూపాయలు ఇమ్మంది. మరుసటి ఏడాది దర్యాప్తును మళ్లీ మొదట్నుంచీ చేయమని సీబీఐకి అప్పగించింది. ఎనిమిదిన్నరేళ్లు అతని యవ్వనం పోయింది, అమ్మాయి తల్లిదండ్రులకు న్యాయమూ జరగలేదు. తప్పు మనిషికి శిక్ష పడితే అసలు మనిషి బయటే తిరుగుతాడు కదా.

పరిహారం గురించి ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. నిర్దోషిగా తేలినవాళ్లకు ఇంత ఇవ్వాలని చెప్పే చట్టం మనకు లేదు. 2018లో లా కమిషన్ తన 277వ నివేదికలో ప్రత్యేక కోర్టులు పెట్టి పరిహారం ఇప్పించమంది. 2023లో కొత్త నేర చట్టాలు తెచ్చినప్పుడు అది చేర్చలేదు. కారణం లేకుండా ఒకరిని అరెస్టు చేయించిన వ్యక్తి నుంచి మేజిస్ట్రేట్ ఇప్పించగలిగే మొత్తం కొత్త చట్టంలోనూ గరిష్ఠంగా 1,000 రూపాయలే. మిగిలిందల్లా రిట్ వేసి హైకోర్టును అడుక్కోవడమే.

అప్పీలుతోపాటే శిక్ష నిలిపి బెయిలు ఇవ్వమని పిటిషన్ వేయించండి. అది వెంటనే రాకపోయినా, ఐదేళ్లు జైల్లో ఉన్నా అప్పీలు విచారణకు రాని యావజ్జీవ ఖైదీలు, కొన్ని రకాల నేరాలు మినహా, బెయిలు అడగవచ్చని ఉమ్మడి హైకోర్టు 2016లో చెప్పింది.

ఈ ఉత్తరం అందిన రోజే 15100కి ఫోన్ చేయండి, లేదా జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. తీర్పు కాపీ, మధ్యవర్తుల నివేదిక, సాక్షుల వాంగ్మూలాలు పట్టుకెళ్లండి. పెళ్లి శుభలేఖ కూడా.