లో-కోడ్: ముందు నియమం, తర్వాతే తెర

తెలంగాణలో ఒకరు మీసేవ కేంద్రానికి వెళ్లి ఆదాయ ధ్రువపత్రానికి దరఖాస్తు పెడితే, అది గిర్దావర్ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) విచారణ దాటి తహసీల్దార్ డిజిటల్ సంతకం దాకా పోతుంది. ఫారం, విచారణ, ఆమోదం, సంతకం: ఈ మెట్లను కోడ్ రాయకుండా, లేదా అతి తక్కువ కోడ్‌తో, తెరమీద బొమ్మల్లా పేర్చుకునే సాధనమే లో-కోడ్ వేదిక. ఈ పేరును 2014లో వాడుకలోకి తెచ్చింది ఫారెస్టర్ సంస్థ. పద్ధతి మాత్రం అంతకంటే పాతది. చెన్నై కంపెనీ జోహో తన క్రియేటర్‌ను 2006లోనే తెచ్చింది. ప్రభుత్వ రంగంలో దగ్గరి ఉదాహరణ జాతీయ సమాచార కేంద్రం (ఎన్‌ఐసీ, స్థాపన 1976) రూపొందించిన సర్వీస్‌ప్లస్. మీసేవ (2011) లో-కోడ్‌తో కట్టింది అనుకోవద్దు, పోలిక పని తీరుకే.

సాధనం కంటే నియమమే పెద్దదని నా వాదన. పరిశ్రమల అనుమతులిచ్చే టీఎస్-ఐపాస్‌కు 2014 చట్టం, భవన అనుమతులిచ్చే టీఎస్-బీపాస్‌కు 2020 చట్టం ఆధారం. 75 చదరపు గజాల లోపు స్థలంలో కట్టే ఇంటికి అనుమతి అక్కర్లేదు, నమోదు చాలన్నది చట్టం తేల్చిన మాట; యంత్రం దాన్ని అమలు చేస్తుంది, అంతే. ఎలక్ట్రానిక్ రికార్డుకు గుర్తింపు ఐటీ చట్టం-2000 సెక్షన్ 4, ప్రభుత్వ కార్యాలయాల్లో వాడకం సెక్షన్ 6. కోడ్ తెలియనివాళ్లు చేస్తే భద్రత ఏదని అభ్యంతరం. నిజమే, డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం-2023 బాధ్యత వేదిక మారినా పోదు. అయితే గిర్దావర్ ఏం చూడాలో రాసిపెట్టకపోతే, నిపుణుడు రాసిన కోడ్‌లోనూ అదే ఫైలు అదే బల్లమీద ఆగుతుంది.